తామరకు రాసే స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ ఎన్ని రోజులు వాడవచ్చు?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. అయిదు నెలల క్రితం గజ్జల్లో గుండ్రంగా ఎర్రటి మచ్చ వచ్చి విపరీతంగా దురద పెట్టింది. డాక్టర్ గారు ఒక క్రీమ్ రాసిచ్చి, రెండు వారాలు వాడి మళ్లీ రమ్మన్నారు. రెండు రోజుల్లోనే దురద పోవడంతో నాలుగైదు రోజులకే మానేశాను, మళ్లీ చూపించుకోలేదు. పది రోజులకు దురద తిరిగి మొదలైంది. అప్పటి నుంచి పాత చీటీతోనే అదే ట్యూబు కొని, దురద పుట్టినప్పుడల్లా రాస్తున్నాను. ఇప్పుడు మచ్చలు తొడల దాకా పాకాయి. గజ్జల్లో చర్మం పలచబడి ఎర్రటి చారలు కనిపిస్తున్నాయి. ట్యూబు మీద క్లోట్రిమజోల్, బీటామెథాసోన్ అని ఉంది. మా మూడేళ్ల బాబుకు కూడా మెడ మీద మచ్చ వస్తే నాలుగు రోజులుగా అదే క్రీమ్ రాస్తున్నాం. దీన్ని కొనసాగించవచ్చా?

సలహా: ముందుగా బాబు విషయం. ఈ రాత్రి నుంచే వాడికి ఆ క్రీమ్ రాయడం మానేయండి. ఈ రెండు మందుల కలయికను 17 ఏళ్ల లోపు వారికి వాడకూడదని మందుతో వచ్చే సూచనల్లోనే ఉంటుంది. చిన్నపిల్లల్లో శరీర బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి, పైన రాసిన స్టెరాయిడ్ పెద్దవారిలో కంటే ఎక్కువ మోతాదులో రక్తంలోకి చేరుతుంది. నాలుగు రోజులకే పెద్ద హాని జరిగి ఉంటుందని భయపడనక్కర లేదు. అయితే బాబుకు వచ్చింది తామరేనని (ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి) మీరు అనుకుంటున్నారే తప్ప, ఎవరూ చూసి నిర్ధారించలేదు. పిల్లల మెడ మీద ఎగ్జిమా (ఫంగస్ లేకుండా వచ్చే, దురదతో కూడిన చర్మపు వాపు) కూడా అచ్చం ఇలాగే ఉండవచ్చు. చర్మవ్యాధి నిపుణులకు చూపించేటప్పుడు వాడి తలను కూడా పరీక్షించమని అడగండి. తల మీద ఎక్కడైనా పొట్టు రేగి జుట్టు విరిగిపోతుంటే, పైపూతలతో తగ్గదు, లోపలికి మందు ఇవ్వాల్సి వస్తుంది.

ఇక మీ సంగతి. మీ ట్యూబులో రెండు మందులున్నాయి, వాటి పనులు వేరు వేరు. క్లోట్రిమజోల్ ఫంగస్ మీద పని చేస్తుంది, కానీ నెమ్మదిగా, వారాల తరబడి. బీటామెథాసోన్ శక్తిమంతమైన స్టెరాయిడ్. అది ఫంగస్‌ను ఏమీ చేయదు. ఫంగస్‌ను ఎదిరించే క్రమంలో మన చర్మం చూపించే ఎరుపును, వాపును, దురదను మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే అణచివేస్తుంది. మీకు రెండో రోజున కలిగిన ఉపశమనం ఆ స్టెరాయిడ్ చలవే. ఆ సమయానికి చర్మం పైపొరలో ఫంగస్ అలాగే ఉంది. పైగా అక్కడి రోగనిరోధక చర్య మందగించింది కాబట్టి, మీరు క్రీమ్ మానగానే అది మరింత విస్తరించింది. దురద వచ్చినప్పుడల్లా రాసి, తగ్గగానే ఆపేయడం వల్ల ఇదే చక్రం అయిదు నెలలు తిరిగింది.

ఇలా వాడినవారి తామర రూపమే మారిపోతుంది. మామూలు తామరలో అంచు కాస్త ఉబ్బి, పొట్టు రేగి, మధ్యలో చర్మం మామూలుగా ఉంటుంది. దూరం నుంచే ఆ ఉంగరం ఆకారం తెలుస్తుంది. స్టెరాయిడ్ పడ్డాక అంచు చెదిరిపోయి, పొట్టు తగ్గి, ఒక వలయంలో మరో వలయం పుట్టి, అనుభవం ఉన్న వైద్యులను సైతం తికమక పెడుతుంది. 1968లోనే దీనికి టినియా ఇన్‌కాగ్నిటో, అంటే మారువేషంలో ఉన్న తామర, అని పేరు పెట్టారు. పైన పటారం, లోన లొటారం అన్న మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. కొందరిలో ఫంగస్ వెంట్రుకల కుదుళ్ల లోపలికి దిగి గడ్డల్లా ఏర్పడుతుంది. అప్పుడు ఏ పైపూతా అక్కడి దాకా చేరదు.

మరి మొదట డాక్టర్ గారు ఎందుకు రాశారని మీకు సందేహం రావచ్చు. వాపు, మంట బాగా ఎక్కువగా ఉన్నప్పుడు తొలి రోజుల్లో ఊరట కోసం ఈ కలయికను రాయడం ఉంది, అది పొరపాటేమీ కాదు. వ్యక్తిగతంగా నేను మాత్రం గజ్జల్లో తామరకు స్టెరాయిడ్ లేని క్రీమ్‌తోనే మొదలుపెడతాను. రాసినా, దానికి హద్దులున్నాయి: ఒంటి మీద, గజ్జల్లో అయితే ఉదయం, సాయంత్రం పలచగా, రెండు వారాలకు మించకుండా వాడాలి. పాదాల మీద అయితే నాలుగు వారాలు దాటకూడదు. వారానికి 45 గ్రాములకు మించి ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. గజ్జల్లో, ఒంటి మీద వారానికి, పాదాల మీద రెండు వారాలకు గుణం కనిపించకపోతే రాయడం కొనసాగించకుండా డాక్టరును కలవాలి. మీ డాక్టర్ గారు రెండు వారాలకు మళ్లీ రమ్మన్నది కూడా ఇందుకే.

పైన కట్టు కట్టవద్దని కూడా సూచనల్లో ఉంటుంది. కట్టు కింద వేడికి, చెమ్మకు స్టెరాయిడ్ ఇంకా లోతుగా ఇంకుతుంది. గజ్జలు ప్రకృతి సిద్ధంగానే కట్టు కట్టినట్టుండే చోటు, అక్కడ రెండు చర్మాలు ఎప్పుడూ ఒరుసుకుంటూనే ఉంటాయి. 1967లో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌తో జరిగిన ఒక ప్రయోగంలో, ముంజేతి చర్మం పీల్చుకున్న దానికి దాదాపు 40 రెట్లు వృషణాల చర్మం పీల్చుకున్నట్టు తేలింది. చేతి మీద అంత త్వరగా హాని చేయని మందు గజ్జల్లో కొద్ది వారాలకే చారలు తెప్పించడానికి కారణం ఇదే. ముఖం, కనురెప్పలు కూడా ఇలాంటివే. కళ్ల చుట్టూ దీర్ఘకాలం రాస్తే కంటి లోపలి ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం రావచ్చు.

మీకు వచ్చిన ఎర్రటి చారల గురించి నిజం చెప్పాలి. క్రీమ్ మానాక చర్మం పలచదనం కొంతవరకు సర్దుకుంటుంది. చారలు కాలక్రమంలో తెల్లబడి మందగిస్తాయి గానీ, పూర్తిగా పోవు. కొత్తవి రాకుండా ఆపడం మాత్రం మీ చేతిలో ఉంది.

అందువల్ల ఈ క్రీమ్‌ను మీరూ ఆపండి. ఆపిన కొద్ది రోజులకు ఎరుపు, దురద మునుపటి కంటే ఎక్కువగా ఎగదన్నవచ్చు, అది కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా ఉండవచ్చు. చాలామంది సరిగ్గా ఈ దశలోనే భయపడి మళ్లీ పాత ట్యూబు చేతిలోకి తీసుకుంటారు. ముందే తెలిసి ఉంటే ఓర్చుకోవడం తేలిక. దురద భరించలేకపోతే మాత్రల రూపంలో మందు ఇవ్వవచ్చు, డాక్టరును అడగండి. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. మీరు ఈ అయిదు నెలల్లో ట్యూబుల మీద ట్యూబులు వాడి ఉండి, ఈ మధ్య విపరీతమైన నీరసం, కళ్లు తిరగడం, వాంతులు, బరువు తగ్గడం వంటివి ఉంటే, క్రీమ్ ఆపే ముందే వెంటనే డాక్టరును కలవండి. స్టెరాయిడ్ శరీరంలోకి ఎక్కువగా చేరితే, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు శరీరానికి అవసరమైన స్టెరాయిడ్ హార్మోన్‌ను తయారు చేయడం తగ్గించేసి ఉండవచ్చు.

డాక్టరు దగ్గరకు ఆ ట్యూబును పట్టుకెళ్లండి. నా దగ్గరకు వచ్చేవారు తరచుగా, "స్టెరాయిడ్ ఏం లేదండీ, ఫంగస్ క్రీమే" అంటూ సంచిలో నుంచి తీసిన ట్యూబు మీద చిన్న అక్షరాల్లో స్టెరాయిడ్ పేరు ఉంటుంది. బీటామెథాసోన్, క్లోబెటసాల్, బెక్లోమెథాసోన్, మొమెటసోన్, ఫ్లూటికాసోన్ అన్నీ స్టెరాయిడ్లే. కొన్నింటిలో నియోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌ను కూడా కలుపుతారు. దానివల్ల ఫంగస్‌కు ఒరిగేదేమీ లేదు, కొందరికి అలర్జీ వస్తుంది.

తామరేనా అని తేల్చే పరీక్ష చిన్నదే. మచ్చ అంచున మొండి బ్లేడుతో పొట్టును గీకి, గాజుపలక మీద పొటాష్ ద్రావణంలో కాసేపు ఉంచి మైక్రోస్కోపులో చూస్తే, తామరే అయితే కొమ్మలు చీలిన సన్నటి దారాల్లాంటి ఫంగస్ కనిపిస్తుంది. నొప్పి ఉండదు. ఫంగస్ మందు రాసుకుని వెళితే పరీక్షలో దొరక్కపోవచ్చు కాబట్టి, పరీక్షకు కొన్ని రోజుల ముందు నుంచి ఏ క్రీమూ రాయకండి. మధుమేహం ఉంటే తామర మొండికేస్తుంది కాబట్టి, రక్తంలో చక్కెరను కూడా ఒకసారి చూపించుకోండి.

మీ మచ్చలు ఇంతగా పాకాయి కాబట్టి, పైపూతతో పాటు టెర్బినఫిన్ లేదా ఇట్రాకొనజోల్ వంటి ఫంగస్ మందును లోపలికి తీసుకోవాల్సి రావచ్చు. టెర్బినఫిన్‌కు లొంగని తామర ఇటీవలి సంవత్సరాల్లో పెరుగుతోంది. గుండె వైఫల్యం ఉన్నవారికి ఇట్రాకొనజోల్ పనికిరాదు, ఇతర మందులతోనూ దానికి పొసగనివి చాలా ఉన్నాయి. కాలేయ సమస్య ఏదైనా ఉంటే, ఇప్పటికే వాడుతున్న మాత్రలు ఉంటే, అవన్నీ చెప్పండి.

స్టెరాయిడ్ లేని క్రీమ్ ఇచ్చినప్పుడు రాసే పద్ధతి కూడా ముఖ్యం. చూపుడువేలి చివరి గణుపు గీత నుంచి వేలి కొస దాకా పిండితే వచ్చే క్రీమ్ సుమారు అర గ్రాము, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేర చర్మానికి సరిపోతుంది. పూర్తిగా ఆరిన చర్మం మీద, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల బయటి నుంచి మొదలుపెట్టి లోపలికి రాయండి. కంటికి మామూలుగా కనిపిస్తున్న ఆ బయటి అంచులో కూడా ఫంగస్ ఉంటుంది. మచ్చ పూర్తిగా పోయాక కూడా ఒకటి రెండు వారాలు కొనసాగించండి. ఎప్పుడు ఆపాలో దురదను బట్టి నిర్ణయించుకోకండి.

మీ పాదాల వేళ్ల సందులను, గోళ్లను కూడా చూసుకోండి. చాలామందిలో గజ్జలకు తామర అక్కడి నుంచే వస్తుంది. పాదాల్లో ఉంటే, లోదుస్తుల కంటే ముందు సాక్సులు తొడుక్కోండి, లేకపోతే బట్ట పాదాలను రాసుకుంటూ పైకి వచ్చేటప్పుడు ఫంగస్‌ను వెంట తెస్తుంది. ఇంట్లో తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి. లోదుస్తులను, తువ్వాళ్లను 60 డిగ్రీల వేడినీటితో ఉతికి బాగా ఆరబెట్టండి. మీ నుంచి బాబుకు, బాబు నుంచి మళ్లీ మీకు ఇది తిరుగుతూ ఉండవచ్చు కాబట్టి, ఇంట్లో దురద ఉన్న అందరూ ఒకేసారి చూపించుకుని ఒకేసారి చికిత్స మొదలుపెట్టండి.