సంతకం అడుగుతున్నాడు, చెయ్యి రావడం లేదు

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మాది నరసన్నపేట దగ్గర పల్లె. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్నాను. మా ఆయన ఏడాదిలో తొమ్మిది నెలలు హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోతారు. బాబు పదో తరగతి. దసరా సెలవుల ముందు ఎవరో కోచింగ్ అకాడమీ వాళ్లు బడికి వచ్చి ఆర్మీ గురించి చెప్పారట. అప్పట్నుంచి వాడికి వేరే ధ్యాస లేదు. తెల్లారగట్ట నాలుగింటికే లేచి హైవే మీద పరుగు. పదవగానే అకాడమీలో చేరతాను, ఇంటర్ వద్దు అంటున్నాడు. పదిహేడున్నర నిండితే చాలట, పద్దెనిమిది లోపైతే అమ్మానాన్నల సంతకం కావాలట. 'పెడతావు కదా అమ్మా' అని ఇప్పట్నుంచే మాట తీసుకుంటున్నాడు. మా ఆయనకి సంబరం. నాకు వాడు పరిగెడుతుంటే ముచ్చటేస్తుంది, రాత్రి పడుకుంటే గుండె దడదడలాడుతుంది. వద్దంటే దేశభక్తి లేనిదాన్నవుతానా? మా బావగారు ఆ మాట అననే అన్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ బావగారి మాట పక్కన పెడదాం. పిల్లల్ని యుద్ధాల్లోకి దింపకూడదన్న అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం 2005లో ఆమోదముద్ర వేసింది. సైన్యంలో చేరడం పూర్తిగా ఇష్టపూర్వకమనీ, పద్దెనిమిది నిండాకే ఎవరినైనా యుద్ధరంగానికి పంపుతామనీ అప్పుడు రాసిచ్చింది. ఈ వయసు దగ్గర దేశమే అంత ఆలోచించింది. కన్నతల్లి ఆలోచిస్తే అది భక్తి లేకపోవడం ఎలా అవుతుంది?

ఇక నా సంగతి చెప్పాలి, లేకపోతే నా సలహాకి విలువుండదు. విజయనగరం జిల్లా హైస్కూళ్లలో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాను. ఒక బడిలో వరండా మూడో స్తంభం మీద 166 సెంటీమీటర్ల ఎత్తున ఎర్ర పెయింటుతో గీత గీశాను. మన వైపు కుర్రాళ్లకి జనరల్ డ్యూటీ సిపాయికి కావలసిన ఎత్తు అది. ఎనిమిదో తరగతి గుంటలు కూడా సోమవారం అసెంబ్లీ అవగానే పరిగెత్తుకెళ్లి స్తంభానికి వీపు ఆనించి నిలబడేవారు. ఒకడు నెత్తి మీద స్కేలు పెట్టి చూసేవాడు, 'ఇంకా నాలుగేళ్లుందిరా' అని లెక్క చెప్పేవాడు. ఏళ్లు గడిచేసరికి ఆ గీత కింద సున్నం పోయి, తలనూనె మరకతో స్తంభం నల్లగా నిగనిగలాడేది. పొట్టిగా ఉన్న ఒకడు ఎత్తు పెరగాలని వేపకొమ్మ పట్టుకుని ఇంటర్వెల్ అంతా వేలాడేవాడు. ఆఖరికి పెరిగాడు కూడా. 'సరిపోనాను మాస్టారూ' అని వాడు అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇవాళ హవల్దారు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు, అమ్మకి స్లాబు ఇల్లు కట్టాడు. సెలవుకొస్తే మా ఇంటికి రాకుండా పోడు.

ఆ గీత చూసుకుని చాలా ఏళ్లు గర్వపడ్డాను. ఇప్పుడు ఏ బడిలోనైనా గీయమంటే నా వల్ల కాదు.

2020 జూన్‌లో చైనా సరిహద్దు దగ్గర గల్వాన్‌లో కల్నల్ సంతోష్ బాబు అమరుడయ్యారన్న వార్త వచ్చింది. వారిది సూర్యాపేట, చదివింది మాత్రం మన కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఆ రాత్రి నా దగ్గర డ్రిల్లు నేర్చుకుని సైన్యంలో ఉన్న కుర్రాళ్లందరికీ ఫోన్లు చేశాను. అందరూ దొరికారు, వేపకొమ్మ కుర్రాడు తప్ప. మూడు రోజులు 'అందుబాటులో లేరు' అనే పలికింది. వాళ్లమ్మ ఫోను వస్తే ఎత్తడానికి నాకు ధైర్యం లేకపోయింది. నాలుగో రోజు వాడే చేశాడు, సిగ్నల్ లేని చోట ఉన్నానని. మీ గుండె దడ నాకు తెలియనిది కాదమ్మా.

ఇంకొకడున్నాడు. వాడూ ఆ గీత దగ్గర పెరిగినవాడే. ఇంటర్ మధ్యలో మానేసి అకాడమీలో చేరాడు. 2021లో సైన్యం ఎంపిక ర్యాలీలో నెగ్గాడు, మెడికల్ దాటాడు, రాతపరీక్ష ఒక్కటే మిగిలింది. అది వాయిదా మీద వాయిదా పడింది. 2022 జూన్ 14న, సిపాయిల్ని నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు, ఆ పాత పరీక్షలు రద్దయిపోయాయి. ఆ ఒక్క ఏడాదికి వయసు 23 దాకా సడలించారు కానీ, తారు రోడ్డు మీద పరిగెత్తి పరిగెత్తి అప్పటికే వాడి మోకాలు పోయింది. 'ఇంకేటి సెయ్యమంటారు మాస్టారూ' అని మా అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో ఇంటర్ సర్టిఫికెట్టు కూడా లేదు. ఇప్పుడు పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. వాడికి సైన్యం మీద కోపం లేదు, నాకూ లేదు. 'ముందు ఇంటర్ పూర్తి చెయ్యరా' అని నేను గట్టిగా అనలేదు. ఆ తప్పు నాది.

అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను. పరుగు ఆపకండి. ఇంటర్ ఆపనివ్వకండి. సంతకం వాడికి పద్దెనిమిది నిండేదాకా పెట్టకండి. అగ్నిపథ్ మొదలైనప్పుడు పెట్టిన వయసు పదిహేడున్నర నుంచి 21. పద్దెనిమిది నిండాక మీ సంతకంతో పనే లేదు, అప్పటికీ వాడికి బోలెడు టైముంది. కొన్ని నెలలు ఆగితే పోయేదేమీ లేదు.

మీవారి సంబరాన్నీ తక్కువ చెయ్యకండి. ఎండలో సెంట్రింగ్ కొట్టిన మనిషికి కొడుకు జీతం లెక్క కనపడుతుంది. మొదటి ఏడాది నెలకి 30,000. అందులో 9,000 సేవా నిధికి పోయి చేతికి 21,000 వస్తాయి. నాలుగో ఏడు 40,000, చేతికి 28,000. కోసినంతా ప్రభుత్వం కూడా జమ చేస్తుంది, నాలుగేళ్ల చివర 10 లక్షలు దాటి వస్తాయి. 48 లక్షల బీమా ఉంటుంది. మన పల్లెల్లో ఇది చిన్న డబ్బు కాదు. కానీ నాలుగేళ్లయ్యాక నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. మిగతావాళ్లకి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పోస్టుల్లో 2022లో 10 శాతం రిజర్వేషన్ అన్నారు, అది అందరికీ సరిపోదు. 22 ఏళ్లకి ఇంటికొచ్చే కుర్రాడికి చదువు కావాలి. బడికొచ్చిన అకాడమీ వాళ్లు పిల్లలకి ఈ సగం చెప్పారో లేదో అడగండి.

ఇంకోటి కూడా వాళ్లు చెప్పి ఉండరు. మీ వాడికి సైన్యమంటే నిజంగా ప్రాణమైతే ఇంటర్ చదువుతూనే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయొచ్చు. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య వయసుండాలి. అది ఆఫీసరు దారి. ఎంపీసీ తీసుకుంటే వైమానిక దళం, నేవీ కూడా తెరుచుకుంటాయి. కష్టమైన పరీక్షే, కానీ ఆయా కొడుకు రాయకూడదని ఎక్కడా లేదు. నా ముప్ఫై ఏళ్లలో ఈ మాట నేను చెప్పింది ఎంతమందికో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాధగా ఉంటుంది.

హైవే మీద పరుగు మాత్రం రేపట్నుంచే మాన్పించండి. చీకట్లో లారీలు, కింద తారు, రెండూ ప్రమాదమే. కాలవగట్టు మీద, కోతలైపోయిన మళ్లలో పరిగెత్తమనండి. ఒకసారి డాక్టరుకి చూపించండి: పాదం చదునుగా ఉందా, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయా, రంగులు సరిగ్గా కనపడుతున్నాయా. ఇవి ముందే తెలిస్తే రెండేళ్ల కష్టం వృథా పోదు. పదిలో మొత్తం 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 లేకపోతే పరుగు ఎంత బాగున్నా జనరల్ డ్యూటీకి తీసుకోరు, ఈ మాట వాడి పుస్తకాల బల్ల మీద రాయించండి. ఎవరైనా డబ్బిస్తే ఉద్యోగం ఇప్పిస్తానంటే గుమ్మంలోంచే పంపించెయ్యండి.

రేపు తెల్లారగట్ట వాడితో పాటు మీరూ లేచి గట్టు దాకా వెళ్లండి. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తితే పూర్తి మార్కులు, 60. మీ సెల్లులో స్టాప్‌వాచీ ఉంటుంది, మీరే పట్టుకోండి. వాడు వచ్చి ఆయాసం తీర్చుకున్నాక ఒక్కటి అడగండి: 'ఆ పాతికమందిలో లేకపోతే అయిదో ఏడు ఏం చేస్తావురా నాన్నా?' వాడేమన్నాడో నాకు రాయండి.