భార్యాభర్తలు కలిసి సినిమా పని చేయవచ్చా? ఒక ఎడిటర్ జవాబు

ఇంగ్లండు వదిలి అమెరికాలో స్థిరపడిన సినీ దర్శకుడు హిచ్‌కాక్ విజయాల్లో భార్య ఆల్మా రెవిల్ వాటా ఎంత, మేమిద్దరం కూడా అలా కలిసి పనిచేస్తే కాపురం నిలుస్తుందా అని అడిగారు. విశాఖలో మా వారిది కెమెరా, నాది ఎడిటింగ్. పెళ్లి వీడియోలతో ఇల్లు గడుస్తుంది, తీరిక దొరికితే డాక్యుమెంటరీలు. కాపురం నిలిచే ఉంది.

ఆల్మా భర్త చాటున ఎదిగిన మనిషి కాదు. లండన్‌లోని ఇస్లింగ్టన్ స్టూడియోలో ఆయన మూకీలకు టైటిల్ కార్డులు గీస్తున్న నాటికే ఆమె చేయి తిరిగిన ఎడిటర్. 1926లో పెళ్లి. 1939లో నిర్మాత సెల్జ్‌నిక్ కోసం అమెరికా వెళ్లారు. ఆ నిర్మాత అన్నింట్లోనూ వేలు పెట్టే రకం. అలాంటి చోట, మొహమాటం లేకుండా బాగాలేదని చెప్పే మనిషి ఇంట్లోనే ఉండడం ఎంత ధైర్యం! హిచ్‌కాక్ తీసిన 'సైకో' (1960)లో శవంగా పడి ఉన్న నటి జానెట్ లీ కదలడాన్ని పట్టుకున్నది ఆల్మాయే అంటారు. గుటక వేసిందని కొందరు, ఊపిరి తీసిందని కొందరు చెబుతారు.

మా ఇంట్లో నేను షూటింగ్‌కు వెళ్లను. ఫిషింగ్ హార్బర్ మీద తీసిన చిత్రంలో, డాల్ఫిన్స్ నోస్ కొండపై తొలి వెలుగు పడే షాట్ ఒకటుంది. దానికోసం మా వారు తెల్లవారుజామున జెట్టీ మీద వణుకుతూ నిలబడ్డారట. నేనూ పక్కన వణికి ఉంటే కత్తిరించడానికి చేయి వచ్చేది కాదు. ఆ కొండ షాట్ ఉంటే చిత్రంలో చేపల వేలం పాడే ఆమె గొంతు ఆలస్యంగా వినబడుతోంది. ఆ షాట్‌ను కత్తిరించేశాను. మా వారు రాత్రి భోజనం దాకా మాట్లాడలేదు, ఆ తర్వాత పులుసు బాగుందన్నారు.

గొడవలు అసలు వచ్చేది పేరు దగ్గర. 1979లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పురస్కారం అందుకుంటూ హిచ్‌కాక్ ఒక ఎడిటర్‌కు, ఒక రచయిత్రికి, తన కూతురి తల్లికి, అద్భుతంగా వండే మనిషికి కృతజ్ఞతలు చెప్పి, ఆ నలుగురూ ఆల్మాయే అన్నారు. చక్కని ప్రసంగమే. 'సైకో' టైటిల్స్‌లో మాత్రం ఆమె పేరు లేదు. అందుకే స్క్రిప్టు మొదలుపెట్టిన రోజే ఎవరి పేరు ఏ పనికి పడాలో కాగితం మీద రాసుకోండి. పెళ్లి వీడియోల బిల్లులో కూడా ఎడిటింగ్‌కు వేరే వరుస పెట్టండి, ఆ డబ్బు ఎడిటింగ్ చేసినవారి ఖాతాలోకే వెళ్లాలి.