బీకరులో వచ్చిన వేగ స్థిరాంకంతో సౌర రియాక్టర్‌ను మోడల్ చేయవచ్చా?

మెథిలీన్ బ్లూ అనే రంగు ద్రావణంలో, కాంతి పడితే రంగును విడగొట్టే టైటానియం డయాక్సైడ్ పొడి కలిపి, దీపం కింద బీకరులో పెట్టి వేగ స్థిరాంకం (రంగు ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే సంఖ్య) రాబట్టానని, దాన్ని ఎండతో రంగునీటిని శుద్ధి చేసే గాజు గొట్టాల సౌర రియాక్టర్ మోడల్‌లో వాడితే సరిపోతుందా, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని మీరు అడిగారు. సరిపోదు. సాఫ్ట్‌వేర్ ఎంపిక కూడా మీరు అనుకుంటున్నంత ముఖ్యం కాదు.

మీ చేతిలో ఉన్న ఆ సంఖ్య కేవలం రసాయన చర్యకు చెందినది కాదు. మీ దీపం, అది ఉన్న ఎత్తు, బీకరులో నీటి లోతు, పొడి మోతాదు అన్నీ అందులో కలిసిపోయి ఉన్నాయి. టైటానియం డయాక్సైడ్ పనిచేయాలంటే సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంటే దాదాపు 387 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతి కావాలి. ఎండలో అటువంటి కాంతి నూటికి నాలుగైదు పాళ్లకు మించి ఉండదు. కాబట్టి మోడల్‌లో మొదట రాయవలసిన సమీకరణం కాంతిది. గాఢత సమీకరణం ఆ తరువాతి మాట.

 వరంగల్ కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులద్దే ఒక చిన్న షెడ్డు నుండి కడుగునీరు తెచ్చి, మా మేడ మీద అద్దాల ముందు అమర్చిన గాజు గొట్టాలలో తిప్పుతూ పరీక్షిస్తున్న రోజులలో, ఆ షెడ్డు యజమాని ఒకసారి చూడటానికి వచ్చారు. లీటరుకు 0.2 గ్రాముల పొడి వేశామని చెప్పగానే ఆయన, "గంతేనా సారూ? ఇంకింత ఎక్కువేస్తే జల్దీ తెల్లగైతది గద" అన్నారు. ఆయన ఎదుటనే మోతాదును లీటరుకు ఒక గ్రాము చేశాము. నీరు పలుచని మజ్జిగలా మారింది. అంతకుముందు గొట్టం వెనుక పెట్టిన అతినీలలోహిత సెన్సారు కొద్దిపాటి కాంతిని చూపుతూ ఉండేది. ఇప్పుడు దాదాపు సున్నాకు పడిపోయింది. రంగు తగ్గే వేగం మాత్రం పెరగలేదు. ఎండ తగిలే వైపు గాజుకు ఆనుకొని ఉన్న పలుచని పొరలోనే కాంతి అంతా ఖర్చయిపోతున్నదని, లోపలి నీరు చీకటిలో తిరుగుతున్నదని చెబితే, ఆయన గొట్టం చుట్టూ తిరిగి చూసి, "అయితే గొట్టం సన్నగ జేయున్రి" అన్నారు. గొట్టం వ్యాసానికీ పొడి మోతాదుకూ మధ్య గల సంబంధాన్ని అంత సూటిగా చెప్పిన పరిశోధన పత్రాన్ని నేను చదవలేదు. స్పెయిన్‌లోని అల్మేరియా సౌర కేంద్రంలో సుమారు మూడు సెంటీమీటర్ల గొట్టాలకు వాడుతూ వచ్చిన మోతాదు కూడా ఆ 0.2 గ్రాముల దరిదాపులలోనే ఉంటుంది.

పొడి రేణువులు కాంతిని పీల్చుకోవడమే కాక వెదజల్లుతాయి కూడా. అందువల్ల కేవలం శోషణను లెక్కించే బీర్–లాంబర్ట్ సూత్రం ఇక్కడ చాలదు. శోషణనూ వెదజల్లడాన్నీ కలిపి లెక్కించే రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్ సమీకరణాన్ని పరిష్కరించాలి, లేదా కనీసం కాంతి ఆరు దిశలలోనే వెదజల్లబడుతుందని అనుకొని లెక్కను తేలిక చేసే సిక్స్ ఫ్లక్స్ నమూనానైనా వాడాలి. దాని నుండి ప్రతి బిందువు వద్ద ఘనపరిమాణానికి ఎన్ని ఫోటాన్లు శోషణ అవుతున్నాయో తెలుస్తుంది. అర్జెంటీనాలోని శాంటా ఫే నగరంలో కసానో, అల్ఫానో అనే పరిశోధకుల బృందం పట్టుబట్టి చేసిన పని ఇదే. కాంతి తక్కువగా ఉన్నప్పుడు చర్య వేగం దానికి అనులోమంగా పెరుగుతుంది. ఎక్కువైతే, కాంతి వల్ల పొడిలో విడివడిన ఎలక్ట్రాన్లు, అవి వదిలిన ఖాళీలు (రంధ్రాలు) తిరిగి కలిసిపోవడం వల్ల వర్గమూలానికి అనులోమంగా మాత్రమే పెరుగుతుంది. అందుచేత రియాక్టర్ అంతటికీ సగటు కాంతిని తీసుకొని వేగం కట్టడం తప్పు. వేగాన్ని బిందువు బిందువుకూ కట్టి, ఆ తరువాత సగటు తీయాలి.

నాకు నిజంగా బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. సౌర ప్రయోగాలలో కాంతి తీవ్రతను లక్స్ మీటరుతో కొలిచి రాసిన థీసిస్‌లు ఇప్పటికీ నా బల్ల మీదికి వస్తున్నాయి. ఆ మీటరు మనిషి కంటికి తగినట్లు తయారైనది. అతినీలలోహిత కాంతి దానికి లెక్కలోనే లేదు. అలాగే మెథిలీన్ బ్లూ తానే దృశ్య కాంతిని పీల్చుకొని రంగు కోల్పోగలదు కనుక, రంగు పోయినంత మాత్రాన కాలుష్యం పోయినట్లు కాదు. టీఓసీ (నీటిలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్) గానీ సీఓడీ (మిగిలిన కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్) గానీ కొలవకుండా "తొలగించాము" అని రాయడం అన్యాయం.

మీరు స్వేదన జలంతో పని చేసి ఉంటారు. పత్తి నూలుకు రియాక్టివ్ రంగులు అద్దేటప్పుడు ఉప్పు, సోడా యాష్ వేస్తారు. మన బోరు నీటిలో బైకార్బనేట్లు ఉండనే ఉన్నాయి. కార్బనేట్, బైకార్బనేట్ అయాన్లు రంగును విడగొట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను మింగేస్తాయి. రంగు అణువులు పొడి ఉపరితలానికి అంటుకొని చర్య పొందుతాయని భావించి వేగం కట్టే లాంగ్‌ముయిర్–హిన్షెల్‌వుడ్ సమీకరణం, ఆ నష్టాన్ని విడి పదంగా చేర్చకపోతే, అసలు కడుగునీటి ముందు నిలవదు.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, ద్రవ ప్రవాహాలను లెక్కించే ఫ్లుయెంట్‌లో, పైన చెప్పిన రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్ సమీకరణాన్ని పరిష్కరించే డిస్క్రీట్ ఆర్డినేట్స్ పద్ధతి ఉంది. డబ్బు పెట్టలేకపోతే ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్‌లోనూ అది దొరుకుతుంది. అయితే వాటి జోలికి వెళ్లేముందు ఫెర్రియాక్సలేట్ ఆక్టినోమెట్రీతో (కాంతి వల్ల జరిగే రసాయన చర్యను కొలిచి ఫోటాన్లను లెక్కించే పద్ధతితో) మీ దీపం నుండి బీకరులోకి ఎన్ని ఫోటాన్లు చేరుతున్నాయో తేల్చుకోండి. ఆపైన పైథాన్‌లో ఒకే దిశకు సిక్స్ ఫ్లక్స్ లెక్క రాసి, గొట్టం వెనుకకు ఎంత కాంతి రావాలో కట్టి, రెండు మూడు మోతాదుల వద్ద సెన్సారు రీడింగులతో సరిచూడండి. అవి కలిసేదాకా మెష్ (రియాక్టర్‌ను లెక్క కోసం చిన్న గడులుగా విభజించే వల) గీయడం మొదలుపెట్టవద్దు.