నాలుగు పేజీల ఉత్తరంలో అమ్మకు ఒక్క వాక్యం

ప్రశ్న: మేడమ్, నాకు 46 ఏళ్ళు. తెనాలి దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్‌ని. 2021లో కరోనా రెండో వేవ్‌లో మావారు పోయారు. మా అబ్బాయి ఇంజినీరింగ్, హాస్టల్లో ఉంటాడు. మావారు పోయిన ఏడాదికి తోటి టీచర్ ఒకావిడ నన్ను గురువుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన మంత్రోపదేశం చేసి, ఈ జన్మలోనే నాకు ఆత్మసాక్షాత్కారం అవుతుందన్నారు. మళ్ళీ మనిషినయ్యాను. గురువారం సత్సంగం, పౌర్ణమికి అన్నదానం, ఆ జమాఖర్చులు నేనే రాసేదాన్ని. నాలుగు నెలల క్రితం ధ్యానమందిరం సిమెంటు, ఇసుక బిల్లుల్లో తేడా కనిపిస్తే గురువుగారినే అడిగాను. అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. పాదనమస్కారానికి వెళ్తే ముఖం తిప్పుకుంటున్నారు. మిగతా శిష్యులూ దూరం జరిగారు. నా అహంకారం చంపడానికే ఈ పరీక్ష అనీ, నాకు దేనిమీద ఎక్కువ మమకారమో దాన్ని సమర్పిస్తే కరుణిస్తారనీ పెద్ద శిష్యులు అంటున్నారు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన 70 సెంట్ల మాగాణి నా పేరున ఉంది. అది ఆశ్రమానికి రాసిద్దామనుకుంటున్నాను. ఊళ్ళో ఒక్కతే ఉంటున్న మా అమ్మ (76) పింఛను మందులకు పోగా ఆ కౌలు ధాన్యంతోనే గడుపుకుంటోంది కాబట్టి ఒప్పుకోక నాతో మాటలు మానేసింది, అది ఆవిడ మాయ అని వదిలేశాను. నిద్ర పట్టడం లేదు. గురుద్రోహం చేశానేమోనని భయంగా ఉంది. ఏం చేస్తే గురువుగారి కృప మళ్ళీ దొరుకుతుంది?

జవాబు: టీచర్‌గారూ, ఆ చివరి ప్రశ్నకు నేను జవాబు చెప్పను. దాన్ని పక్కన పెట్టండి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక్కడ కుదించి వేశాం గానీ అసలు ఉత్తరం నాలుగు పేజీలు. ఏ గురువారం గురువుగారు ఎటు చూశారో, ప్రసాదం ఎవరికి ముందు ఇచ్చారో, మీ వంతు వచ్చేసరికి పళ్ళెం ఎవరి చేతికి మారిందో అన్నీ రాశారు. అమ్మ గురించి మాత్రం ఒక్క వాక్యం రాశారు. దాని చివర ‘వదిలేశాను’ అని ఉంది. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ముందు గురువుగారి సంగతి చూద్దాం. మీరు ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి ‘టీచర్, బోర్డు మీద మూడో స్టెప్పు తప్పుంది’ అన్నాడనుకోండి. ఏం చేస్తారు? వెనక్కి తిరిగి చూస్తారు. తప్పయితే దిద్దుతారు, తప్పు కాకపోతే వాడికి అర్థమయ్యేలా మళ్ళీ చెబుతారు. నాలుగు నెలలు వాడి ముఖం చూడకుండా ఉంటారా? మిగతా పిల్లలు వాణ్ణి వెలివేస్తుంటే చూస్తూ ఊరుకుంటారా? ‘మీ అమ్మ చేతి గాజులు తెచ్చిస్తే టీచర్‌గారి కోపం పోతుందిరా’ అని క్లాస్ లీడర్ వాడితో అంటే? అలాంటి టీచర్ మీ స్టాఫ్‌రూములో ఉంటే హెడ్మాస్టర్‌గారి దగ్గరికి మొదట వెళ్ళేది మీరే. పిల్లవాడి విషయంలో అంత స్పష్టంగా కనిపించేది మీ దగ్గరికి వచ్చేసరికి కనిపించడం లేదు. దుఃఖంలో ఉన్నప్పుడు పట్టుకున్న చెయ్యి కాబట్టి వదలడం కష్టంగా ఉంది. అది నాకు అర్థమవుతోంది.

ఆ బిల్లుల్లో మోసం ఉందని నేను అనడం లేదు. మేస్త్రీ రాసిన చీటీలో పొరపాటు దొర్లి ఉండొచ్చు. అదే అయితే రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు కదా. గీత నాలుగో అధ్యాయం 34వ శ్లోకంలో జ్ఞానం కోరేవాడు గురువు దగ్గర చెయ్యాల్సినవి మూడు చెప్పారు: ప్రణిపాతం, పరిప్రశ్న, సేవ. నమస్కారానికీ సేవకూ నడుమ ప్రశ్నను కూర్చోబెట్టారు. పద్ధెనిమిదో అధ్యాయంలో, చెప్పాల్సిందంతా చెప్పాక, కృష్ణుడు అర్జునుడితో ‘దీన్నంతా పూర్తిగా ఆలోచించుకో, ఆపైన నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి’ అంటాడు. సాక్షాత్తు భగవంతుడే శిష్యుడికి అంత స్వేచ్ఛ ఇచ్చాడు. మీకు సిమెంటు లెక్క అడిగే స్వేచ్ఛ కూడా లేకపోయింది.

నేను గురువుల్ని నమ్మని మనిషిని కాను. మా అమ్మకు ఒక గురువుగారు ఉండేవారు. రిటైరైన తెలుగు పండితుడు. సాయంత్రం పూట తన ఇంటి అరుగు మీద పదిమందికి గీత చెప్పేవారు. ఏడాదికోసారి ఒక కొబ్బరికాయ తప్ప ఏమీ తీసుకునేవారు కాదు. ఒక వేసవిలో మా నాయనమ్మ జ్వరంతో మంచం పట్టింది. అమ్మ రోజూ పాఠానికి వెళుతూనే ఉంది. మూడో రోజున ఆయన పుస్తకం మూసి, ‘మీ అత్తగారికి జావ ఎవరు కాస్తున్నారమ్మా?’ అని అడిగారట. అమ్మ దగ్గర జవాబు లేదు. ‘ఆవిడ లేచి తిరిగాక రా, శ్లోకాలు ఎక్కడికీ పోవు’ అని పంపేశారు. అమ్మకు ఆ రోజు చాలా కోపం వచ్చింది. తర్వాత ముప్పై ఏళ్ళు, పోయేదాకా, ఆయన ఫొటోకు దండం పెట్టకుండా కాఫీ తాగలేదు. గురువంటే నాకు ఆ అరుగూ, ఆ ప్రశ్నా గుర్తొస్తాయి. మీ గురువుగారు ఈ నాలుగేళ్ళలో ఒక్కసారైనా ‘మీ అమ్మగారు ఎలా ఉన్నారు?’ అని అడిగారా? ఉత్తరంలో ఆ మాట కోసం వెతికాను.

మీ పెద్ద శిష్యులు ఊరుకోరని నాకు తెలుసు. ‘రామకృష్ణ పరమహంస కూడా నరేంద్రుడితో నెలకు పైగా మాట్లాడకుండా పరీక్షించలేదా?’ అంటారు. నిజమే, పరీక్షించారు. అయితే ఆ కథ మిగతా సగం కూడా చెప్పమనండి. అదే పరమహంస తనను పరీక్షించకుండా నమ్మవద్దని శిష్యులకు చెప్పారు. ఆయన డబ్బు ముట్టుకోలేరన్నది నిజమో కాదో చూద్దామని నరేంద్రుడు పరుపు కింద రూపాయి బిళ్ళ పెడితే కోప్పడలేదు, సంతోషించారు. 1884లో తండ్రి పోయి నరేంద్రుడి ఇంట్లో తిండికి కటకటలాడినప్పుడు, వెళ్ళి అమ్మవారిని అడుగు అని ఆయనే గుడిలోకి పంపారు. మూడుసార్లు వెళ్ళీ నరేంద్రుడు జ్ఞానం, వైరాగ్యం తప్ప ఏమీ అడగలేకపోయాడు. చివరికి గురువే ‘మీ వాళ్ళకు ముతక బియ్యానికీ ముతక బట్టకూ లోటు ఉండదు’ అని మాట ఇచ్చారు. ఆ గురువు శిష్యుడి తల్లి ఇంట్లో కుండలో బియ్యం ఉన్నాయా లేదా అని పట్టించుకున్నారు. మిమ్మల్ని ఆ కుండే ఖాళీ చేసి తెమ్మంటున్నారు.

తల్లి మాయ అన్న మాట మీకు ఎవరు నేర్పారో గానీ, ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. రమణ మహర్షి పదహారేళ్ళ వయసులో, 1896లో ఇల్లు విడిచి అరుణాచలం చేరారు. 1898లో తల్లి అళగమ్మ వెతుక్కుంటూ వచ్చి ఎంత ఏడ్చినా నోరు విప్పలేదు, కాగితం మీద నాలుగు మాటలు రాసిచ్చారు. మీవాళ్ళు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. 1914లో ఆవిడ కొడుకును చూడటానికి వచ్చి టైఫాయిడ్ జ్వరంతో పడిపోతే, రాత్రింబవళ్ళు దగ్గరుండి చూసుకున్నది ఆ కొడుకే. ఆమెకు నయం చెయ్యమని అరుణాచలేశ్వరుణ్ణి వేడుకుంటూ పద్యాలు కూడా రాశారు. 1916లో ఆవిడ కొడుకు దగ్గరే ఉండిపోవడానికి వచ్చేసింది. 1922 మే 19న, ఆమె చివరి రోజున, ఒక చెయ్యి గుండె మీద, ఒక చెయ్యి తల మీద పెట్టి ఆయన పొద్దుటి నుంచి రాత్రిదాకా పక్కనే కూర్చున్నారు. కొండ దిగువన ఆమెను సమాధి చేశారు. కొన్ని నెలలకు ఆయన కూడా కొండ దిగి అక్కడికే వచ్చేశారు. ఇవాళ మనం వెళ్ళి కూర్చునే రమణాశ్రమం ఆ తల్లి సమాధి చుట్టూ పుట్టింది. మీరు గిరిప్రదక్షిణకు రెండుసార్లు వెళ్ళానని రాశారు. మాతృభూతేశ్వరాలయం ముందు నిలబడే ఉంటారు. ఆ పేరులో ఉన్న మాత ఎవరో ఒకసారి ఆలోచించండి.

ఇంక భూమి సంగతి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువంటూ వేలమంది కొలిచేవారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, తన కోసం పెట్టిన సంఘాన్ని తానే రద్దు చేశారు. భక్తులు ఇచ్చిన కోటనూ దాని భూములనూ ఎవరివి వాళ్ళకు తిప్పి ఇచ్చేశారు. ఇచ్చిన భూమిని తిప్పి ఇచ్చిన గురువులు కూడా ఉన్నారని మీకు తెలియాలి.

ఆ 70 సెంట్లు పట్టాదారు పుస్తకంలో మీ పేరునే ఉండొచ్చు. చట్టం ప్రకారం మీ ఇష్టం. కానీ పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి అంటే మన ఇళ్ళలో ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. బిడ్డకు రేపు ఏ కష్టం వచ్చినా ఒకరి ముందు చెయ్యి చాపకూడదని మీ అమ్మానాన్న తమ కడుపు కట్టుకుని ఇచ్చిన నేల అది. ఆ కష్టం మీకు వచ్చింది కూడా. మీ వారు పోయారని అమ్మ కౌలు ధాన్యం మీరు అడగలేదు, ఆవిడకే వదిలారు. మీరు మంచి కూతురే. ఆ మంచితనాన్ని మాయ అని ఎవరో చెబితే నమ్మారు.

కాబట్టి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ‘ముందు సంకల్ప పత్రం రాయండి, రిజిస్ట్రేషన్ తర్వాత’ అన్నా పెట్టకండి. ఒకసారి రిజిస్టరైన దానపత్రాన్ని రద్దు చేయించుకోవడం ఏళ్ళు పట్టే పని. మనసు మీద పట్టు ఉన్న స్థానంలో ఉండి, ఆ పట్టుతో అవతలివాళ్ళ దగ్గర ఆస్తి రాయించుకోవడం గురించి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. 1890లోనే అలహాబాద్ హైకోర్టులో ఇలాంటి కేసు నడిచింది. పరలోకంలో మేలు కోసమని ఒక వృద్ధుడు తన యావదాస్తీ గురువుకు రాసిచ్చాడు. అతను స్వేచ్ఛగానే ఇచ్చాడని నిరూపించాల్సిన బాధ్యత ఆ గురువు మీదే ఉందని కోర్టు చెప్పింది. చూశారా, మీ అయోమయం మీ ఒక్కరిదీ కాదు, ఇవాళ్టిదీ కాదు. ఇప్పటికే ఏదైనా సంతకం పెట్టి ఉంటే ఆలస్యం చేయకుండా 15100కి ఫోన్ చేయండి. అది న్యాయసేవల హెల్ప్‌లైన్. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ సాయం దొరుకుతుంది.

అన్నదానం లెక్కల పుస్తకాలు ఇంకా మీ దగ్గరే ఉన్నాయని రాశారు. ఆఖరి పేజీదాకా లెక్క మూసి, జిరాక్స్ తీసుకుని, అందినట్టు సంతకం చేయించుకుని అప్పగించేయండి. రేపు ఎవరైనా వచ్చి తేడా అంతా టీచరమ్మ చేతిలోనే జరిగిందంటే మీ ఉద్యోగానికీ మీ పేరుకూ ఇబ్బంది.

గురుద్రోహం అని భయపడుతున్నారు. గురువు శుక్రాచార్యులు వద్దని శపించినా బలి చక్రవర్తి ఇచ్చిన మాట తప్పలేదు. మనం ఆయన్ని గురుద్రోహి అనలేదు, దానం అంటే బలిదే అని చెప్పుకుంటున్నాం. మీ మంత్రం మీ దగ్గరే ఉంటుంది. పొద్దున్నే దీపం పెట్టుకుని జపం చేసుకోండి. మీ వారు పోయిన రోజుల్లో అది మిమ్మల్ని నిలబెట్టింది, దాన్ని వదలమని నేను అనను. నిద్ర పట్టకపోవడం నాలుగు నెలలుగా అంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 14416 టెలిమానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ వారి కోసం మీరు కడుపారా ఏడ్చినట్టు నాకు అనిపించడం లేదు. ఏడ్చే లోపే ఎవరో సాక్షాత్కారం సంగతి చెప్పారు.

ఈ శనివారం బడి అయ్యాక నేరుగా మీ ఊరి బస్సెక్కండి. గురువుగారి ఫొటో, విభూతి పొట్లం తీసుకెళ్ళకండి. భూమి మాట ఎత్తకండి, క్షమాపణ కోసం మాటలు కూర్చుకోకండి. ఆవిడ తలుపు తీయకపోతే అరుగు మీద కూర్చోండి. 76 ఏళ్ళ మనిషి ఎంతసేపని కూతుర్ని అరుగు మీద చూస్తూ ఉండగలదు? ఎప్పుడు బయటికి వచ్చినా ఆవిడ మొదట అడిగేది ‘తిన్నావా?’ అనే. తినలేదనే చెప్పండి.