కొత్త మెర్బావ్ డెక్‌కి ఆయిల్ మచ్చలు పడకుండా వేయడం ఎలా?

మెల్‌బోర్న్‌లో మెర్బావ్ అనే ఎర్రటి గట్టి చెక్కతో డెక్, అంటే ఇంటి బయట చెక్క అరుగు, వేయించి మూడు వారాలైంది, దీపావళికి చుట్టాలొచ్చేలోపు ఆయిల్ వేసేయాలి, పట్టీలు పట్టీలుగా కాకుండా ఒకే రంగు రావాలంటే బ్రష్ మంచిదా రోలర్ మంచిదా అని అడిగారు. బ్రష్ సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ఆ చెక్కలోంచి ఎర్ర నీళ్లు కారడం ఆగిందో లేదో చూసుకోండి. మాదీ మెర్బావే. కొత్తలో నాలుగు చినుకులు పడితే చాలు, పక్కనున్న కాంక్రీటు మీద ఎవరో కిళ్లీ నమిలి ఉమ్మేసినట్టు ఉండేది. అది చెక్కలోని టానిన్, అంటే మన కరక్కాయలో ఉండే వగరు లాంటిదే. అది లోపల ఉండగానే పైన ఆయిల్ వేస్తే, వానకి టానిన్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పైకి తేలుతుంది. మీరెంత నీటుగా వేసినా మచ్చలు తప్పవు.

వానకీ ఎండకీ కొన్ని వారాలు వదిలేస్తే అదే చాలావరకు కారిపోతుంది. పండగ తొందర ఉంది కాబట్టి ఆగ్జాలిక్ యాసిడ్ ఉండే డెక్ క్లీనర్ తెచ్చుకోండి, బన్నింగ్స్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. చెక్కని తడిపి, క్లీనర్ పోసి, గట్టి నైలాన్ బ్రష్‌తో పలక పొడవునా రుద్దండి, అది ఆరిపోకముందే ధారాళంగా నీళ్లు కొట్టి కడిగేయండి. గ్లవ్స్, కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి, పిల్లల్ని అటు రానివ్వకండి. కాంక్రీటు మీదికి కారే నీళ్లని కూడా వెంటనే కడగాలి, ఆరిందంటే ఆ మరక ఓ పట్టాన వదలదు. కడిగిన నీళ్లు ఇంకా టీ రంగులోనే వస్తుంటే ఇంకోసారి చేయండి. తర్వాత కనీసం రెండు పొడి రోజులు ఆరనివ్వాలి.

ఇనుప పీచు, ఇనుప బ్రష్ మాత్రం ముట్టుకోవద్దు. కలంకారీలో కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట మీద ఇనుప తుక్కు, బెల్లం పులియబెట్టిన నీళ్లు తగిలితే నల్లబడుతుంది కదా, ఇక్కడ జరిగేదీ సరిగ్గా అదే రసాయనం. మాకు తెలిసినవాళ్లింట్లో డెక్ పక్కనే గ్రైండర్‌తో ఇనుప కడ్డీ కోశారు, ఆ రజను పడిన మేరా మర్నాటి మంచుకి మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు తేలాయి. ఆయిల్ వేశాక అలాంటివి ఇక పోవు, ఉంటే ముందే క్లీనర్‌తో తీసేయాలి.

శాండింగ్ చేస్తే మొత్తం డెక్‌కి ఒకే నంబరు గరుకు కాగితం వాడండి, 80 సరిపోతుంది. నున్నగా గీకిన చోట చెక్క ఆయిల్ తక్కువ తాగి లేత రంగు వస్తుంది, గరుకుగా ఉన్నచోట ముదురుగా వస్తుంది. చాలామంది ఆయిల్ డబ్బాని తిట్టుకునేది ఇక్కడే. వేసేముందు అక్కడక్కడా నీటి చుక్కలు వేసి చూడండి. ఇంకిపోతే సరే, ముత్యాల్లా నిలబడితే చెక్క ఇంకా సిద్ధంగా లేదు.

ఇక వేయడం. రెండు మూడు డబ్బాలు తెచ్చుంటే అన్నీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపేయండి, డబ్బాకీ డబ్బాకీ రంగులో కొద్దిగా తేడా ఉండొచ్చు. రంగు అడుక్కి దిగుతుంది, చదునైన కర్రతో అడుగు నుంచి ఎత్తి కలపాలి, పని మధ్యలో కూడా. మీరడిగిన రెండిట్లో రోలర్ వద్దండీ, పొడవు కర్రకి ఉన్ని ప్యాడ్ తగిలించిన అప్లికేటర్ తీసుకోండి, చిన్న బ్రష్ సందులకీ పలకల కొసలకీ మాత్రమే. రెండు మూడు పలకలు పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆగకుండా వెళ్లి, అప్పుడే పక్క పలకలకి జరగండి. మధ్యలో టీకి, ఫోన్‌కి వెళ్లాలనిపిస్తే పలక చివర ఆగాలి తప్ప నడిమధ్యలో కాదు. ఆరిన అంచు మీద మళ్లీ తడి ఆయిల్ పడితే అక్కడ రెండుసార్లు వేసినట్టు ముదురు పట్టీ వచ్చేస్తుంది, మీ భయమంతా దాని గురించే కదా. అందుకే నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు వద్దు, చెక్క చేతికి వేడిగా తగిలితే ఆరోజుకి మానేయండి. మరీ చలిగా, 10 డిగ్రీల లోపున్నా వద్దు. పల్చగా వేసి, కాసేపాగి ఎక్కడైనా మెరుస్తూ మడుగు కట్టి ఉంటే పొడిగుడ్డతో తుడిచేయాలి, లేకపోతే జిగట జిగటగా ఉండిపోయి దుమ్మంతా పట్టుకుంటుంది. రెండో కోటు ఎన్ని గంటలకో డబ్బా మీద ఉన్నదే పాటించండి, వాటర్ బేస్‌కీ ఆయిల్ బేస్‌కీ చాలా తేడా ఉంటుంది.

కుర్చీలు, కుండీలు కొన్నాళ్లు ఎక్కించకండి. ప్రమిదలు పెట్టేట్టయితే కింద పళ్లెం ఉండాలి, నువ్వుల నూనె ఒలికితే ఆ మచ్చ మళ్లీ వేరే కథ.

తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆయిల్ బేస్ అయితే, ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకోవచ్చు, ఇది నిజంగా జరిగేదే. బయట విడివిడిగా పరిచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టండి.