హరికేన్ బీమా ఉంటే వరద పాలసీ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో బ్యాంకు రుణంతో ఇల్లు కొంటున్నాడు. ఆ ఇంటికి 4 లక్షల డాలర్ల బీమా తీసుకుంటున్నాడు. అందులో ‘హరికేన్ డిడక్టిబుల్ 2 శాతం’ అని ఉంది. జరిగిన నష్టంలో 2 శాతం మనం భరిస్తే చాలని నాకు అర్థమైంది. వరదకు వేరే పాలసీ కూడా తీసుకోమని ఏజెంటు పట్టుబడుతున్నాడట. అది అవసరమా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అవసరమే. మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో అగ్నిప్రమాదం, తుపాను, వరద అన్నీ కలిసే ఉంటాయి కనుక మీకు ఈ సందేహం రావడం సహజం. అమెరికాలో మామూలు ఇంటి బీమా గాలి నష్టానికి వర్తిస్తుంది గాని వరదకు వర్తించదు. గాలికి పైకప్పు లేచిపోయి, ఆ సందులోంచి వాన పడి గదులు తడిస్తే పరిహారం వస్తుంది. ఉప్పెన నీరు గుమ్మం దాటి లోపలికి వస్తే ఆ పాలసీ కింద పైసా రాదు. 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్ టాంపాకు చాలా ఉత్తరాన తీరం దాటింది. అయినా టాంపా బే తీరంలోని ఎన్నో ఇళ్లను ఉప్పెన ముంచింది.

ఇక డిడక్టిబుల్ సంగతి. ఆ 2 శాతాన్ని నష్టం మీద కాక బీమా మొత్తం మీద లెక్కిస్తారు. అంటే మొదటి 8,000 డాలర్లు మీ అబ్బాయే పెట్టుకోవాలి. హరికేన్ వల్ల 10,000 డాలర్ల నష్టం జరిగితే కంపెనీ ఇచ్చేది 2,000. నష్టం 7,000 అయితే ఏమీ ఇవ్వదు. డిడక్టిబుల్ 5 శాతానికి పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది గాని, సొంతంగా భరించవలసినది 20,000 డాలర్లవుతుంది. అంత సొమ్ము అత్యవసరానికి చేతిలో ఉండేవారికే ఆ పొదుపు పనికివస్తుందని నా అభిప్రాయం. పైకప్పు బిగింపు, కిటికీల షట్టర్లు గాలికి తట్టుకునేలా ఉన్నాయని తనిఖీ నివేదిక తెచ్చుకుంటే ఫ్లోరిడాలో ప్రీమియంలో రాయితీ కూడా ఇస్తారు.

ప్రభుత్వ జాతీయ వరద బీమా పథకం కింద ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్ల వరకు రక్షణ దొరుకుతుంది. సామానుకు విడిగా అడిగి తీసుకోవాలి. ఈ పాలసీ సాధారణంగా 30 రోజుల తరువాతే అమల్లోకి వస్తుంది. హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30 వరకు సాగుతుంది. గృహరుణానికి సంబంధించి తీసుకునే వరద పాలసీకి ఆ 30 రోజుల గడువు ఉండదు కనుక, రిజిస్ట్రేషను రోజుకే దానిని సిద్ధం చేయించమనండి.