బాత్రూంలో ఎవరైనా పడిపోతే ముందు గీజర్ వైపు చూడండి

“గ్యాస్ గీజర్ వల్ల ఇంట్లో ఎవరైనా స్పృహ తప్పితే, అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పని అని అంబులెన్సు సిబ్బంది గుర్తుపట్టగలరా?” అని ఒకరు అడిగారు. గుర్తుపట్టగలరు, ఇంటిని కూడా చూస్తే. పడిపోయిన మనిషిని మాత్రమే చూస్తే మాత్రం పట్టుకోవడం కష్టం. తొమ్మిదేళ్లు అంబులెన్సులో ఈఎంటీగా, అంటే దారిలో అత్యవసర చికిత్స చేసే సిబ్బందిగా తిరిగాను. ఈ సంగతి నాకు తెలిసివచ్చింది మా పైలట్ అన్న వల్ల. 108 బండ్లలో డ్రైవరును పైలట్ అనే పిలుస్తాం.

అది జనవరి నెల, ఉదయం ఏడు గంటలు దాటింది. మూడో అంతస్తులో ఫ్లాటు. స్నానానికి వెళ్లిన కోడలు ఎంతసేపటికీ బయటికి రాకపోతే భర్త గడియ విరగ్గొట్టి ఆమెను గుమ్మం దాకా లాక్కొచ్చాడు. మేం వెళ్లేసరికి మీద దుప్పటి కప్పి ఉంది, పిలిస్తే మూలుగుతోంది, చేతిలో తాళాల గుత్తి. ఎవరు పడిపోయినా మూర్ఛే అనుకుని ఇనుము పట్టించే అలవాటు మన ఇళ్లలో ఎప్పటికి పోతుందో! తాళాలు వెతికే సమయంలో ఒక కిటికీ తెరిచినా ఎంతో మేలు.

నిజం చెప్పాలంటే నేనూ మూర్ఛే అనుకున్నాను. షుగర్ 112. బీపీ బాగానే ఉంది. వేలికి ఆక్సీమీటర్ పెడితే 99 చూపించింది. ఇక ఊపిరికి సంబంధించినది కాదని నిర్ధారించుకుని కాగితం మీద ‘ఫిట్స్’ అని రాసేశాను.

అప్పుడే ఆమె అత్తగారు గోడకు చేరగిలబడి, “నాకూ తల పగిలిపోతోంది నాయనా, కంగారు వల్ల కాబోలు” అన్నారు. నేను పట్టించుకోలేదు. స్ట్రెచర్ తెస్తున్న పైలట్ అన్న ఆగిపోయాడు. “అమ్మా, ఈ పొద్దున ఇంట్లో ఎవరెవరు స్నానం చేశారు?” అని అడిగాడు. మామగారు, ఆ తర్వాత కొడుకు, చివరికి కోడలు. మామగారికి కాస్త తల తిరిగిందట. కొడుకు వాంతి చేసుకున్నాడట. ఆ మాట వింటూనే అన్న బాత్రూంలోకి తొంగిచూశాడు. గోడకు గ్యాస్ గీజర్, దాని పైభాగాన మసి. చలిగాలి, దోమలు రాకుండా వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టారు. మరుక్షణం సిలిండర్ కట్టేయించాడు, తలుపులు తెరిపించాడు, అందరినీ మెట్ల మీదికి పంపించాడు.

మూసిన గదిలో గీజర్ మండేకొద్దీ ఆక్సిజన్ తగ్గిపోతుంది. అది తగ్గేకొద్దీ గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. అందుకే ముందు వెళ్లినవారు తలనొప్పితో బయటపడ్డారు, చివర వెళ్లిన ఆమె పడిపోయింది. మన ఇళ్లలో అందరి తర్వాత స్నానం చేసేది సాధారణంగా ఎవరో చెప్పనక్కర్లేదు. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది కదా అంటారు. అది సిలిండర్ గ్యాసుకు కలిపిన వాసన. ఈ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు.

మరి ఆక్సీమీటర్ 99 ఎందుకు చూపించింది? మామూలు ఆక్సీమీటర్ వేలిలోకి కాంతిని పంపి లెక్క కడుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను, ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను అది వేరు చేయలేదు. ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. కరోనా కాలంలో ఇంటింటా ఆక్సీమీటర్ కొన్నారు. అప్పటి నుంచి ఆ అంకెను దైవవాక్కులా నమ్ముతున్నారు. ఒళ్లు చెర్రీపండులా ఎర్రబడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. దాని కోసం కూడా ఎదురుచూడకండి. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

సంచి ఉన్న మాస్కుతో నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ పెట్టి బయల్దేరాం. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తి ఆక్సిజన్ మీద గంటా గంటన్నర చాలు. ఆసుపత్రిలో యువ డాక్టరు 99 చూసి మాస్కు తీయబోయాడు. చేతులు పట్టుకుని బతిమాలాను. రక్తపరీక్ష ఫలితం వచ్చేసరికి ఆమె గంటన్నరగా ఆక్సిజన్ మీదే ఉంది, అయినా హిమోగ్లోబిన్‌లో 22 శాతాన్ని ఇంకా కార్బన్ మోనాక్సైడే పట్టుకుని ఉంది!

ఇంగ్లండ్‌లో ఉంటున్న మా అక్క కొడుకు అద్దె ఇంట్లో దీనికోసం చిన్న అలారం ఉంది. 2022 అక్టోబరు నుంచి గ్యాస్ బాయిలర్ లాంటివి ఉన్న గదిలో ఇంటి యజమానే అది పెట్టాలి. అక్కడ చాలాచోట్ల అంబులెన్సు సిబ్బంది సంచికి కూడా ఇలాంటి అలారమే తగిలించి ఉంటుంది. గుమ్మం దాటగానే మోగితే రోగితో పాటు సిబ్బందీ బతుకుతారు. మన ప్రతి అంబులెన్సు సంచికీ అది ఉండాలని నేను అడగని అధికారి లేడు. అప్పటిదాకా మీరే మాకు అలారం. 108కి ఫోను చేసినప్పుడు “పడిపోయారు” అని ఊరుకోకండి. గీజర్ ఉందా, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నారా, ఇంట్లో ఇంకెవరికైనా తలనొప్పి, వాంతులు ఉన్నాయా, అదీ చెప్పండి. జ్వరం లేకుండా ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తల తిరిగితే, బయటికి రాగానే తేలికపడితే, నా దృష్టిలో అది వేరే ఏదో అని రుజువయ్యేదాకా కార్బన్ మోనాక్సైడే.

ఆమె నాలుగో రోజు ఇంటికి వచ్చింది. మూడు వారాలకు భర్త ఫోను చేశాడు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోందట, పిల్లవాడి పేరు పిలవడానికి తడుముకుంటోందట. ఈ విషం కొందరిలో అలా ఆలస్యంగానూ బయటపడుతుంది. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పాను. గీజర్‌ను వంటింటి బాల్కనీలోకి మార్పించామన్నాడు. పైన, కింద ఇళ్లలో సంగతేమిటని అడిగాను. ఆ వరుసలో ఇంకో నాలుగు బాత్రూముల్లో లోపలే ఉన్నాయన్నాడు. ఆ ఆదివారం వెళ్లి నాలుగు తలుపులూ తట్టాను. ఇద్దరు మార్పించుకున్నారు. ఒకాయన వెంటిలేటరుకు అడ్డం పెట్టిన అట్ట నా ముందే తీసేశాడు. నాలుగో ఇంటికి మళ్లీ వెళ్లాలి.